ఆఫన్ అంటే ఆఫ్ అనుకున్నాను

మా మనవరాలు చిన్ని హోంవర్కు కాగితం మీద ఒక నిచ్చెన బొమ్మ ఉంది. ఆరు మెట్లు. ఒక్కో మెట్టు మీద ఒక ఇంగ్లీషు మాట. అన్నిటికన్నా పై మెట్టు మీద ఆల్వేస్, అడుగు మెట్టు మీద నెవర్. మధ్యలో యూజువలీ, ఆఫన్, సమ్‌టైమ్స్, రేర్‌లీ. ఎంత తరచుగా జరిగే పనికి ఏ మాట వాడాలో పిల్లలకు తెలియడానికి అలా వేశారట. ఇంట్లో పెద్దవాళ్ళను ఎవరినైనా అడిగి ఆ మాటలతో వాక్యాలు రాసుకు రమ్మన్నారు. చిన్నికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే ఇస్తుంది. "నానీ, ఆప్ చాయ్ ఆఫన్ పీతీ హో యా సమ్‌టైమ్స్?" అని అడిగింది. టీ సంగతి అడుగుతోందని తెలుసు. కాగితం మీద పైనుంచి మూడో మెట్టు దగ్గర నా వేలు ఆగిపోయింది. చిన్ని నా వేలు చూసి, నాకు చదవడం రాలేదనుకుని, "నానీ, ఆఫన్. ఇస్‌మే టీ సైలెంట్ హై," అంది. రాసేటప్పుడు టీ ఉంటుంది, పలికేటప్పుడు ఉండదు అని నాకు నేర్పింది.

ఆ టీ సంగతి నాకు చిన్ని వాళ్ళ అమ్మ పుట్టకముందే తెలుసు. ఆ మాట నా నోట్లోంచి వచ్చినప్పుడు నాకు పదేళ్ళు. దాని వల్ల ఒక మంచి మనిషి తన వాళ్ళ మధ్యే చెడ్డది అనిపించుకుంది. నలభై ఏళ్ళు దాటింది, ఇంకా అలాగే ఉంది. ఆమె పేరు నరసమ్మ. నేను అత్తా అని పిలిచేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు, మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక ఊరు, వాళ్ళది పక్క ఊరు, అంతే.

నేను ఎప్పుడూ ఏదీ రాయలేదు. అయిదో తరగతి అయ్యాక పలక, పుస్తకం పట్టుకోలేదు. ఇందిరాపురంలో మా అమ్మాయి ఫ్లాట్లో ఉంటాను. వంట చేస్తాను, చిన్నిని స్కూలు బస్సు ఎక్కిస్తాను. నువ్వు చెప్పు, నేను ఫోన్లో టైపు చేస్తాను అంది మా అమ్మాయి. వద్దన్నాను. తన ఎదురుగా కూర్చుని ఈ సంగతి చెప్పే ధైర్యం నాకు లేదు. అందుకని చిన్ని పాత నోట్‌బుక్కులో మిగిలిన కాగితాల మీద రాస్తున్నాను. ముందువి వెనక, వెనకవి ముందు వస్తే సర్దుకుని చదవండి.

మా నాన్న టెలిఫోన్ తీగలు వేయడానికి గోతులు తవ్వే గుంపుతో ఢిల్లీ వచ్చాడు. తర్వాత అమ్మనీ నన్నూ తీసుకొచ్చాడు. పెద్ద ఆఫీసర్ల క్వార్టర్ల వెనక ఒక మురికి నాలా ఉండేది. దాని గట్టు మీద మా వాళ్ళ గుడిసెలు పాతిక దాకా ఉండేవి. రేకులు, గోనెసంచులు, పైన ప్లాస్టిక్ పట్టా. పొద్దున్నే అందరి గుడిసెల ముందూ అంగీఠీలు, అంటే బొగ్గుల కుంపట్లు, రాజేసేవాళ్ళు. ఆ బొగ్గు పొగ, నాలా వాసన, అమ్మ గంజి వార్చే వాసన, మూడూ కలిసి వచ్చేవి. ఇప్పటికీ ఎక్కడైనా బొగ్గుల మీద మొక్కజొన్న పొత్తులు కాలుస్తుంటే నాకు ఆ మూడు వాసనలూ కలిపే తగులుతాయి. చలికాలం వస్తే అమ్మ నన్ను తన చీర కుచ్చెళ్ళలో చుట్టుకుని పడుకునేది. పట్టా మీద మంచు నీళ్ళు దిగి బొట్టుబొట్టుగా ముఖం మీద పడేవి. నాకు అదంతా బాగానే ఉండేది. అమ్మకే బాగుండేది కాదు. అంతకు ముందు ఏడాది అమ్మకు పచ్చకామెర్లు వచ్చి నెల రోజులు లేవలేదు. తగ్గింది కానీ, ఇంకో చలికాలం ఈ గట్టు మీద గడపలేను అనేది.

నరసమ్మత్తకు మాత్రం గోడలున్న గది ఉండేది. ఆ క్వార్టర్లలో ఒక తెలుగు ఆఫీసరు గారింట్లో పని చేసేది. అక్కడ పద్ధతి ఏమిటంటే, ఇంటి వెనక పనివాళ్ళ గది ఉంటుంది. గదిలో ఉంటూ ఇంటి పని చేయాలి. జీతం నామమాత్రం, గదే జీతం. ఢిల్లీలో ఇప్పటికీ ఆ పద్ధతి ఉంది. ఆదివారం ఆదివారం అమ్మ నన్ను అత్త గదికి తీసుకెళ్ళేది. అక్కడ పంపు ఉంది, తలుపున్న స్నానాల గది ఉంది. అత్త నా తలకు కుంకుడుకాయ పులుసు పోసి రుద్దేది. ఊరి నుంచి ఎవరు వచ్చినా ఆవిడకు రెండే తెచ్చేవాళ్ళు, కుంకుడుకాయలు, చుట్టలు. అత్త చుట్ట తాగేది, మా వైపు ఆడవాళ్ళు తాగినట్టు, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. ఆఫీసర్ల పిల్లలు గోడ దగ్గర చేరి ఆవిడ నోరు ఎప్పుడు కాలుతుందా అని చూసేవాళ్ళు. ఆవిడ వాళ్ళను చూసి, నోరు తెరవకుండానే చెవులు కదిపేది. పిల్లలు భయపడి పారిపోతే, అమ్మా అత్తా కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుకునేవాళ్ళు. మా అమ్మ అలా నవ్వడం నేను ఆ గది ముందే చూశాను. మరెక్కడా చూడలేదు.

ఒక ఆదివారం అత్త, "ఒదినా, పక్కింట్లోకి కేరళ నుంచి కొత్తోళ్ళు దిగినారు. ఎనకాల గది కాళీగా ఉన్నాది. ఆ మేడమ్‌కి హిందీ రాదు, మనకీ రాదు. రెండూ సరిపోయినాయి," అంది.

"మరి మాటాడడం ఎలాగే?"

అత్త నా జడ లాగి, "ఈ దొరసాని నేదేటి, మన ఇంగిలీసు దొరసాని," అంది.

నా ఇంగ్లీషు గురించి చెప్పాలి. కొంచెం దూరంలో తెలుగు బడి ఉండేది. నాన్న పని మేస్త్రీని బతిమాలుకుని నన్ను అందులో వేయించాడు. నేను అప్పుడు అయిదో తరగతిలోకి వచ్చాను. ఏ బి సి డిలు, ఓ ముప్పై నలభై మాటలు వచ్చు. అంతే. కానీ నాన్న సాయంత్రం గట్టు మీద అందరినీ కూర్చోబెట్టి, "గౌరీ, దీన్నేటంటారు? దాన్నేటంటారు?" అని అడిగేవాడు. డాగ్, ట్రీ, వాటర్ అని నేను చెబుతుంటే చుట్టూ ఉన్నవాళ్ళు "ఓర్నాయనో" అనేవాళ్ళు. తెలియనివి అడిగితే నేను ఏదో ఒకటి చెప్పేసేదాన్ని. కాదనేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. తెలియదు అని చెప్పడం నాకు అక్కడే పోయింది.

ఆఫ్ అనే మాట నాకు బాగా తెలుసు. అత్త గదిలో గోడకు లైటు స్విచ్చి ఉండేది. కిందికి వేస్తే ఆన్, పైకి వేస్తే ఆఫ్. నాన్న వారంలో పని లేని రోజును కూడా ఆఫ్ అనేవాడు. ఆఫ్ అంటే ఆగిపోవడం, అయిపోవడం. దాని మీద నాకు ఏ అనుమానమూ లేదు.

మేడమ్ గారి దగ్గరకు వెళ్ళే ముందు అమ్మ నాకు మూడు మాటలు కట్టుదిట్టంగా చెప్పింది. "జబ్బు పూర్తిగా పోయిందని సెప్పు. మీ తాత పోయినాక ఊళ్ళో ఎవులూ నేరు, మరి ఊరెల్లే పని నేదని సెప్పు. మీ నాన్న అమ్మోరికి మొక్కుకుని తాగుడు మానీసినాడని సెప్పు." ఈ మూడింటి గురించే అడుగుతారని అత్త అమ్మకు ముందే చెప్పిందట. పనిమనిషిని పెట్టుకునేవాళ్ళకు ఇవే భయాలు కదా.

మేడమ్ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. తెల్ల చీర, తడి జుట్టు, కొబ్బరినూనె వాసన. ఆ వాసనకు అమ్మ ముఖం కొంచెం విప్పారింది, మన వాసన అని. నన్ను దగ్గరకు పిలిచి పేరడిగింది. చెప్పాను. అమ్మ గిన్నెలు తోముతుందా, బట్టలు ఉతుకుతుందా అని చేత్తో చూపించి అడిగింది. యెస్ మేడమ్ అన్నాను. ఆ తర్వాత మెల్లగా, ఒక్కో మాట విడదీసి అడిగింది.

"ఈజ్ యువర్ మదర్ ఆఫన్ సిక్?"

నాకు మదర్ వినిపించింది. సిక్ వినిపించింది. మధ్యలో ఆఫ్ వినిపించింది. జబ్బు ఆఫ్ అయిపోయిందా అని అడుగుతోంది అనుకున్నాను. అమ్మ చెప్పమన్నది ఆవిడే అడుగుతుంటే నాకు ఎంత సంతోషం వేసిందో.

"యెస్ మేడమ్. ఆఫన్," అన్నాను.

మేడమ్ అమ్మ వైపు చూసింది. అమ్మ నవ్వి, అవునన్నట్టు తల ఊపింది. మేడమ్ ఇంకోటి అడిగింది, అందులో విలేజ్ ఉంది, మళ్ళీ ఆఫన్ ఉంది. ఊరు కూడా ఆఫే కదా. "యెస్ మేడమ్. విలేజ్ ఆఫన్," అన్నాను. ఆవిడ నాన్న గురించి అడగనే లేదు. అడగకపోయినా, అమ్మ చెప్పిన మూడోది మిగిలిపోతుందని, నేనే గొంతు సవరించుకుని, "ఫాదర్ డ్రింక్ ఆఫన్, మేడమ్," అన్నాను.

"ఆఫన్?" అంది ఆవిడ.

బళ్ళో టీచర్ నా పలక మీద వెరీ గుడ్ అని రాసేది. గట్టిగా చెప్పాలంటే ముందు వెరీ పెట్టాలని నాకు తెలుసు.

"వెరీ ఆఫన్, మేడమ్."

ఆవిడ కాసేపు నన్నే చూసింది. కోపంగా కాదు. లోపలికి వెళ్ళి రెండు బిస్కెట్లు తెచ్చి నా చేతిలో పెట్టి తల నిమిరింది. దారిలో అమ్మ, "బిస్కెట్లు పెట్టినాదంటే పనైపోయినట్టేనే," అంది. ఆ సాయంత్రం గట్టు మీద నాన్న అందరితో, "మా గుంట ఆపీసరు పెళ్ళాంతో దడదడలాడించీసినాదట ఇంగిలీసు," అని చెప్పుకున్నాడు. నేను ఒక బిస్కెట్ తిని, ఇంకోటి అందరికీ చూపించడానికి దాచుకున్నాను.

రెండు రోజుల తర్వాత నరసమ్మత్త వచ్చింది. ఎప్పుడూ నా జడ లాగకుండా లోపలికి వెళ్ళని మనిషి, ఆ రోజు నన్ను తాకలేదు. అమ్మ నన్ను నీళ్ళకు పంపింది. బిందెతో తిరిగి వచ్చేసరికి గుడిసెలో కేకలు. గట్టు మీద వాళ్ళంతా పనులు వదిలేసి చేరారు. అత్త బయటకు వచ్చి, చెప్పులు వేసుకోకుండా చేత్తో పట్టుకుని నడిచి వెళ్ళిపోయింది. అమ్మ అందరికీ వినపడేలా, "మనకి జబ్బనీ, నెలకోపాలి ఊరెల్లిపోతామనీ, ఈయన తాగుబోతనీ ఆ మేడమ్‌కి ఎవులు సెప్పినట్టు? ఈ మూడూ తెలిసింది దీనికొక్కదానికే. దాని సెల్లికి గది కావాలని నా నోటికాడ కూడు లాగీసినాది," అంది. వారం తిరక్కుండా నిజంగానే అత్త చెల్లెలు ఆ గదిలో దిగింది. ఇక ఎవరికీ అనుమానం లేకపోయింది. నాకు కూడా లేదు. నేను కూడా అత్తను చూస్తే ముఖం తిప్పుకునేదాన్ని. ఒకసారి వెనక నుంచి "చాడీల నరసమ్మ" అని అరిచి పరిగెత్తాను. ఆ పేరు అమ్మ పెట్టింది. గట్టంతా పట్టుకుంది. నీళ్ళ పంపు దగ్గర ఆవిడ వస్తే ఆడవాళ్ళు మాటలు ఆపేసేవాళ్ళు.

చలికాలం అయ్యాక బళ్ళో టీచర్ బోర్డు మీద కొత్త మాటలు రాసింది. అందులో ఒకటి ఓ ఎఫ్ టి ఇ ఎన్. ఆవిడ దాన్ని "ఆఫ్టెన్" అని పలికింది. ఆఫ్టెన్ అంటే తరచుగా, మాటిమాటికీ, అంది. ఐ ఆఫ్టెన్ గో టు ద మార్కెట్, నేను తరచుగా బజారుకు వెళ్తాను. పని మాటకు ముందు పెట్టాలి, అంది. మేమంతా రాసుకున్నాం. నేను కూడా రాసుకున్నాను. నాకు ఏమీ తట్టలేదు. మేడమ్ అన్నది ఆఫన్, ఇది ఆఫ్టెన్, ఇది వేరే మాట. మర్నాడు చదవమంటే, ఒక ఆఫీసరు గారి అమ్మాయి లేచి "ఐ ఆఫన్ గో" అని చదివింది. నేను నవ్వాను. టీచర్ నన్ను లేపి ఎందుకు నవ్వావంది. "బజారుకెళ్ళడం ఆఫ్ అంటోంది టీచర్," అన్నాను. టీచర్ కూడా నవ్వి, "లేదమ్మా, రెండూ ఒకటే. కొందరు టీ పలుకుతారు, కొందరు పలకరు. ఆఫ్‌కీ దీనికీ సంబంధం లేదు," అంది.

క్లాసంతా నవ్వింది. నేను నిలబడే ఉన్నాను. కూర్చోమని టీచర్ రెండుసార్లు చెప్పాక కూర్చున్నాను. ఈజ్ యువర్ మదర్ ఆఫన్ సిక్. మీ అమ్మకు మాటిమాటికీ జబ్బు చేస్తుందా? యెస్ మేడమ్. ఊరికి మాటిమాటికీ వెళ్తుందా? యెస్ మేడమ్. మా నాన్న తాగుతాడు మేడమ్. మాటిమాటికీ. చాలా మాటిమాటికీ.

ఆ రోజు ఇంటికి చెబుదామనే వెళ్ళాను. ఇది అబద్ధం కాదు. అమ్మ రొట్టెలు కాలుస్తోంది. పక్క గుడిసె ఆవిడతో, "మా గుంట అంత బాగా సెప్పొచ్చినాదా, బిస్కెట్లు కూడా ఇచ్చినాదా, ఆ పాపిష్టిది పాడు సేసీసినాది," అంటోంది. ఎన్నోసారో అలా చెప్పడం. నాన్న పక్కన కూర్చుని వింటూ నా వైపు చూసి మీసంలో నవ్వాడు. నేను రొట్టె తీసుకుని తినడం మొదలుపెట్టాను. రేపు చెబుదాం అనుకున్నాను. రేపు కూడా అలాగే అనుకున్నాను. చెబితే కొడతారని భయం కాదు, మా వాళ్ళు నన్ను ఎప్పుడూ కొట్టలేదు. సాయంత్రం గట్టు మీద నాన్న ఇక నన్ను మాటలు అడగడేమో అని, అంతే. ఆ కాస్త దానికే.

తర్వాత నాకు తమ్ముడు పుట్టాడు. అప్పటికి మమ్మల్ని గట్టు మీద నుంచి లేపేస్తారని పుకార్లు మొదలయ్యాయి. నరసమ్మత్త ఒక రోజు స్టీలు డబ్బాలో కాయం చేసి పంపింది. బాలింతలకు బెల్లం, శొంఠి, మిరియాలు, నెయ్యి వేసి ఉడికించి పెడతారే, అది. మూత తీయకుండానే గుడిసెంతా ఆ వాసన వచ్చింది. ఊరు వదిలాక అమ్మ ఆ వాసన చూడలేదు. అమ్మ పిల్లవాడికి పాలిస్తూ డబ్బా వైపు చాలాసేపు చూసింది. తర్వాత, "గౌరీ, తీసుకెల్లి దాని గుమ్మంలో పెట్టీసి రా," అంది. నేను తీసుకెళ్ళాను. అత్త గుమ్మంలోనే ఉంది. డబ్బా తీసుకుని మూత తెరిచి చూసింది. వేలు పెట్టిన గుర్తు కూడా లేదు. "తిననేదేటి?" అంది. నేను తల అడ్డంగా ఊపాను. ఆవిడ నా వైపే చూస్తూ నిలబడింది. నేను చెప్పడానికి అంతకన్నా మంచి సమయం మళ్ళీ రాలేదు. అది నాకు అప్పుడే తెలుసు. తెలిసే వెనక్కి తిరిగాను.

మమ్మల్ని లేపేశాక ఫరీదాబాద్ వెళ్ళాం. నాన్నకు అక్కడ ఇనుప పోత పోసే కార్ఖానాలో పని దొరికింది. ఆరో తరగతికి బస్సులో పంపిస్తానన్నాడు నాన్న. నేను వద్దన్నాను. పేదరికం వల్ల నా చదువు ఆగిపోయిందని మా అమ్మాయి అందరికీ చెబుతుంది, చెప్పేటప్పుడు దాని కళ్ళు తడుస్తాయి. నేను ఎప్పుడూ దిద్దలేదు. నిజం ఏమిటంటే, ఇంగ్లీషు క్లాసులో కూర్చోవడం నా వల్ల కాలేదు. బోర్డు మీద ఏ మాట చూసినా, ఇది నేను ఎక్కడ తప్పుగా వాడానో అని వెతుక్కునేదాన్ని.

మూడేళ్ళ కిందట అమ్మ పోయింది. పెద్దకర్మ రోజున నరసమ్మత్త వచ్చింది. ఎవరు చెప్పారో తెలియదు. బాగా వంగిపోయింది. వాకిట్లో షామియానా గుంజ పట్టుకుని నిలబడింది. పాత గట్టు మీద వాళ్ళు ఇద్దరు ముగ్గురు అక్కడ ఉన్నారు. "ఆవిడే, చాడీల నరసమ్మ" అని ఒకరు గొణిగారు. ఆవిడకు వినపడింది. మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయింది. నేను కిటికీలోంచి చూశాను. బయటకు వెళ్ళలేదు. పనిలో ఉన్నానని నాకు నేనే చెప్పుకున్నాను. చేతిలో పనేమీ లేదు.

మొన్న ఆ నిచ్చెన బొమ్మ వచ్చిన వారంలోనే మా అమ్మాయి కొత్త పనిమనిషిని మాట్లాడుకుంది. బెంగాల్ అమ్మాయి, పక్కన తన ఏడెనిమిదేళ్ళ కూతురు. ఆరోగ్యం బాగుంటుందా, ఊరికి ఎన్నిసార్లు వెళ్తావు, మీ ఆయన తాగుతాడా అని మా అమ్మాయి హిందీలో అడిగింది. మర్యాదగానే అడిగింది. ఆ పిల్ల తల్లి కొంగు పట్టుకుని మా నోళ్ళ వంక మార్చి మార్చి చూస్తోంది. ఇప్పుడు గేటు దగ్గర కెమెరా ఉంది, పనివాళ్ళకు ఫోటో కార్డు ఉంది, నేను సోఫాలో కూర్చున్నదాన్ని. ప్రశ్నలు మాత్రం ఆ మూడే. నేను లేచి లోపలికి వెళ్ళిపోయాను. ఆ సాయంత్రమే మా బంధువు ఒకాయన దగ్గర అత్త వాళ్ళ చిరునామా తీసుకున్నాను.

లక్ష్మీ నగర్‌లో అత్త కొడుకు కోచింగ్ పిల్లలకు మెస్ నడుపుతున్నాడు. కింద ఇడ్లీ సాంబారు, పై అంతస్తులో గదులు. ఎదురు గోడ మీద ఎక్కడ చూసినా ఇంగ్లీషు నేర్పిస్తామనే బోర్డులే. అత్త వెనక వంటింటి పక్కన మంచం మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. చుట్ట మానేసిందట, డాక్టరు వద్దన్నాడట. నన్ను గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. పట్టాక, "రా దొరసానీ, కూకో," అంది. నాకు ఏడుపు వచ్చింది. ఆవిడ వెల్లుల్లి గిన్నె నా వైపు జరిపింది. ఒలుస్తూ చెప్పాను. మొదటి నుంచి చివరి దాకా, బిస్కెట్లతో సహా చెప్పాను. అత్త చేతులు ఆగలేదు.

అంతా అయ్యాక, "నాకు తెలుసు," అంది.

"తెలుసా?"

"ఆ మేడమే మా అమ్మగారితో అన్నాదట. తల్లి మంచిదే గానీ, పిల్ల ఇలా సెప్పినాదని. ఆ దినం నాను మీ గుడిసెకి వొచ్చింది అదే సెప్పడానికి. ఒదినా, గుంట తెలీక ఏదో అనీసినాది, మళ్ళీ ఎల్లి మాటాడదాం, మా అమ్మగార్ని తోడు పట్టుకెల్దాం అన్నాను. మీ యమ్మ ఇన్లేదు. నా గుంట మీద పెడతావేటే, అది సదువుకున్న పిల్ల, నీ సెల్లి కోసం నా పిల్ల మీద పెడతావా అని ఎగబడిపోనాది. నువ్వు నీల్లకి ఎల్లినావు అప్పుడు."

నేను చేతిలో ఉన్న వెల్లుల్లి పాయను అలాగే పట్టుకుని కూర్చున్నాను. ఇన్నేళ్ళూ అమ్మకు అనుమానం వచ్చి గొడవ పడిందనుకున్నాను. అమ్మకు నిజం ఎదురుగా వచ్చి చెప్పారు. నా మీద నమ్మకంతో అమ్మ దాన్ని తోసేసింది. నేను ఒక్క మాట, ఏ రోజు చెప్పినా, అమ్మకు తన మనిషి మిగిలేది.

"మరి నన్ను ఒక్కసారి కూడా అడగలేదేం అత్తా? కాయం డబ్బా తెచ్చిన రోజైనా?"

"అడిగితే ఏటి సెప్తావు? ఆ దినం నీ మొకం చూసినాను కదా. నీకు తెలిసిపోనాదని నాకు తెలిసిపోనాది. ఈయాల కాకపోతే రేపు, ఇదే సెప్తాది తల్లికి అనుకున్నాను." అత్త పొట్టు ఊదింది. "సెప్తావనే అనుకున్నాను గౌరీ. శానా ఏళ్ళు."

కాళ్ళు పట్టుకోబోయాను. ఆవిడ కాళ్ళు మంచం మీదకు లాక్కుంది. "లెగు లెగు. ఆ పని మీ యమ్మ దగ్గర సెయ్యాల్సింది. ఇంతకీ ఆ మాటేటి? ఏటన్నావు నువ్వు?"

"ఆఫన్."

"ఆపను." అత్త పళ్ళు లేని నోటితో రెండుమూడుసార్లు పలికి చూసుకుంది. "ఇంత సిన్న మాటా? నానేదో పెద్ద మాట అనుకున్నాను."

ముందు గదిలోంచి పిల్లలు సాంబారు అడుగుతున్నారు. నేను వెళ్ళడానికి లేచినప్పుడు అత్త, "నాకు సెప్పినావు, సరే. నాకు తెలిసిందే నాకు సెప్పినావు. తెలీనోళ్ళ మాటేటి? మీ యమ్మ గట్టంతా సెప్పినాది. ఆళ్ళు ఆళ్ళ పిల్లలకి సెప్పినారు. మీ యమ్మ పెద్దకర్మ నాడు కూడా అన్నారు, ఇన్నాను," అంది.

"వాళ్ళంతా ఎక్కడెక్కడున్నారో నాకు తెలియదు అత్తా."

"నాకూ తెల్దు," అంది ఆవిడ. "ఎక్కడున్నా నాను అలాటిదాన్నే అనుకోని ఉన్నారు."

అందుకని రాశాను. ఆ నాలా గట్టు మీద మాతో పాటు ఉన్నవాళ్ళు ఎవరైనా, వాళ్ళ పిల్లలైనా ఇది చదివితే, లేక ఎవరైనా చదివి వినిపిస్తే, ఈ సంగతి తెలుసుకోండి. కేరళ మేడమ్ గారి గది మాకు దక్కకుండా పోయింది నా వల్ల. మా అమ్మకు జబ్బనీ, మా నాన్న తాగుతాడనీ చెప్పింది నేను. నరసమ్మ ఎవరి మీదా ఏమీ చెప్పలేదు. ఉన్న నిజం మా అమ్మకు చెప్పడానికి మా గుడిసెకు వచ్చింది, అంతే. తెలియక చేసిన తప్పు ఒక్క రోజుది. తెలిశాక నోరు మూసుకున్నది ఆ రోజు నుంచి మొన్నటి దాకా. ఇంట్లో ఎవరైనా ఆవిడను ఆ పేరుతో అంటే, అది నరసమ్మ పేరు కాదు, గౌరి పేరు అని చెప్పండి.